ఆస్మాన్ నుంచి వచ్చినవాళ్ళు, అర్జీతో వచ్చినవాళ్ళు

ఖయామత్ సినిమాలంటే మన ఇళ్ళల్లో ఒక ప్రత్యేకమైన మోజు ఉంది. ఆటా పాటా వస్తే ఛానల్ మార్చమనే నానీమాలు కూడా, బిల్డింగులు కూలుతుంటే, సముద్రం ఊరి మీదికొస్తుంటే తస్బీ చేతిలో అలాగే పట్టుకుని రెప్ప వేయకుండా చూస్తారు. రోలాండ్ ఎమెరిక్ తీసిన '2012' మన దగ్గర 'యుగాంతం' పేరుతో ఆడినప్పుడు మా మొహల్లాలో దాన్ని సినిమా లెక్కన మాట్లాడుకోలేదు. జుమ్మా బయాన్ విని వచ్చినట్టు మాట్లాడుకున్నారు. అదే ఎమెరిక్ దానికి 13 ఏళ్ళ ముందు, 1996లో తీసిన 'ఇండిపెండెన్స్ డే' గురించి ఇవాళ రాస్తున్నాను. వేరే గ్రహం మఖ్లూఖ్ వచ్చి భూమి మీద హమ్లా చేసే సినిమాలకు ఇప్పటికీ అదే ఉస్తాద్. తర్వాత వచ్చినవన్నీ దాని షాగిర్దులే.

దాని ఖూబీలు, కమ్జోరీలు తూచడానికి నాకు హాలీవుడ్ రాళ్ళు అక్కర్లేదు. చంద్రగిరి కోట, పాకాల దగ్గర దామలచెరువు కనుమ, చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట, ఇవి చాలు. పరాయి ఫౌజ్ ఒక ముల్క్ మీదికి ఎలా వస్తుందో మన జిల్లాకు తెలిసినంత బాగా ఆ సినిమా రాసినవాళ్ళకు తెలియదు.

ముందు కథ. జులై 2న ఒక పెద్ద ఓడ భూమి దగ్గరికొస్తుంది. వెడల్పు 550 కిలోమీటర్లు. దాని కడుపులోంచి డజన్ల కొద్దీ చిన్న ఓడలు బయటికొచ్చి పెద్ద పెద్ద నగరాల నెత్తిన ఆగుతాయి. చిన్నవి అంటే ఒక్కోటి 24 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే, ఒక అంచు చంద్రగిరి మీద ఉంటే ఇంకో అంచు రేణిగుంట మీద ఉంటుంది. మధ్యలో తిరుపతి మొత్తానికి మధ్యాహ్నం జొహర్ వేళకే మగ్రిబ్ అయిపోతుంది. ఆ రాత్రి నగరాలు కాలిపోతాయి. జులై 3న అమెరికా ఎదురుదాడి చేసి ఓడిపోతుంది. జులై 4న, అంటే వాళ్ళ ఆజాదీ రోజున, మనుషులు గెలుస్తారు. మూడు రోజుల్లో ఖతమ్.

నేను దాన్ని మొదటిసారి డిగ్రీ రోజుల్లో, ఒక దోస్త్ గదిలో, అద్దెకు తెచ్చిన వీసీడీలో చూశాను. స్కూలంతా ఉర్దూ మీడియం, కాలేజీలో తెలుగు. అమెరికా వాళ్ళ ఇంగ్లీషు నాకు నాలుగో వంతు కూడా ఎక్కలేదు. కానీ ఖౌఫ్ మాత్రం మొత్తం ఎక్కింది. ఆ సినిమా బలం అక్కడే ఉంది. నీడకు జబాన్ అక్కర్లేదు. చంద్రుడి మీద నీడ పాకుతుంది, గుమ్మటాల మీద పాకుతుంది, రోడ్డు మీద నిలబడి పైకి చూసే జనం ముఖాల మీద పాకుతుంది. చాలాసేపటి దాకా ఒక్క తూటా పేలదు. ఓడ ఊరికే అలా నిలబడి ఉంటుంది. ఏం కావాలో చెప్పదు, ఎందుకొచ్చిందో చెప్పదు. ఇప్పటి సినిమాలకు అంత సబర్ లేదు. మొదటి పది నిమిషాల్లోనే ఊరు తగలబెట్టేస్తారు. తర్వాత రెండు గంటలు ఏం తగలబెట్టాలో తెలియక అవస్థ పడతారు.

తగలబెట్టిన తీరు గురించి కూడా చెప్పాలి. వైట్‌హౌస్ పేలిపోయే సీను అందరికీ గుర్తుంటుంది. అది కంప్యూటర్ పని కాదు. ప్లాస్టర్‌తో బొమ్మ ఇల్లు కట్టి నిజంగానే పేల్చారు. వీధి పొడుగునా మంటల గోడ ఉరికొచ్చే సీనుకి చేసిన ఉపాయం ఇంకా అందమైనది. వీధి నమూనాను గోడకు నిచ్చెన వేసినట్టు నిలువుగా నిలబెట్టారు. కింద మంట పెట్టారు, పైన కెమెరా పెట్టారు. మంట స్వభావం పైకి పోవడం కదా, అది ఇళ్ళను నాక్కుంటూ కెమెరా వైపు పాకింది. తెర మీద చూస్తే వీధిలో అడ్డంగా మన మీదికి వచ్చినట్టుంటుంది. ఆ పనితనానికి ఆస్కార్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. 7.5 కోట్ల డాలర్లు పెట్టిన సినిమా ప్రపంచమంతా కలిపి 81 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 20 ఏళ్ళ తర్వాత, 2016లో, రెట్టింపు కంటే ఎక్కువ ఖర్చు పెట్టి రెండో భాగం తీస్తే మొదటిదాంట్లో సగం కూడా రాలేదు. అందులో ఓడలు ఇంకా పెద్దవి. ఖౌఫ్ మాత్రం చిన్నది.

గెలిపించే మనుషుల ఎంపిక కూడా నాకు నచ్చుతుంది. ఒక నల్లజాతి పైలట్, ఒక యూదు ఇంజనీరు, అతని ముసలి తండ్రి, పొలాల మీద మందు చల్లే విమానం నడుపుకునే ఒక తాగుబోతు. ఆ తాగుబోతే చివర్లో తన విమానంతో సహా శత్రువు ఓడ నోట్లోకి దూరి జాన్ ఇస్తాడు. ఇలాంటి మజ్మా కలిసి నిలబడితేనే దుష్మన్ పోతాడన్న మాట 1996లో కోట్ల మంది చూసిన సినిమాలో ఉండడం చిన్న సంగతి కాదు.

ఖైర్, ఇక కమ్జోరీ సంగతి. ల్యాప్‌టాప్‌లోంచి వైరస్ ఎక్కించి గ్రహాంతరవాసుల ఓడను పడగొట్టడం మీద పాతికేళ్ళుగా లోకమంతా నవ్వుతూనే ఉంది. మంట అంతా దగ్ధం చేస్తుంటే కుక్క పక్కకు దూకి బతకడం మీద కూడా నవ్వుకున్నారు. ఇవి నాకు పెద్ద కమ్జోరీలుగా కనిపించవు. తమాషాకు వెళ్ళి తర్కం అడగకూడదు. నన్ను ఆపే ముల్లు వేరే చోట ఉంది. ఆ సినిమాలో దుష్మన్ తరఫున పనిచేసే మనిషి ఒక్కడూ లేడు. దుబాషీ లేడు, మున్షీ లేడు, వాళ్ళకు అప్పు పడ్డ నవాబు లేడు, పక్కవాడి మీద పగతో వాళ్ళను ఇంట్లోకి పిలిచిన రాజు లేడు. ఒక పెద్ద మేడ మీద కొంతమంది అట్టల మీద స్వాగతం రాసుకుని ఆడుతూ పాడుతూ నిలబడతారు. మొదటి దెబ్బకు వాళ్ళే మాడిపోతారు. మన తారీఖ్‌లో అలా జరగలేదు. స్వాగతం చెప్పినవాళ్ళు మొదట బాగానే బతికారు. మాడిపోవడానికి 150 ఏళ్ళు పైనే పట్టింది.

అది మన గడప దగ్గరే మొదలైంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

1639 ఆగస్టు 22. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే, సముద్రం ఒడ్డున కాస్త ఇసుక నేల కావాలని దామెర్ల వెంకటప్ప నాయకుడిని అడిగి ఒక పత్రం సంపాదించాడు. దామెర్ల వారు మన కాళహస్తి వైపు వంశం, చంద్రగిరి రాజుకు లోబడ్డ నాయకులు. మాట కలిపినవాడు దుబాషీ బేరి తిమ్మప్ప. పత్రంలో ఇచ్చింది కోట కట్టుకోవడానికి, వ్యాపారం చేసుకోవడానికి ఇజాజత్. ఆ ఇసుక నేలే తర్వాత చెన్నపట్నం అయింది. వెంకటప్ప తండ్రి చెన్నప్ప పేరు మీద ఆ పేరు వచ్చింది. చంద్రగిరి రాజమహల్లోనే ఆ సంతకం జరిగిందని మన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. సంతకం ఏ గదిలో జరిగినా చంద్రగిరి రాజ్యం పేరు మీద జరిగింది. ఆ రోజు ఆస్మాన్‌లో ఏ ఓడా రాలేదు, ఎవరి మీదా నీడ పడలేదు. కొంతమంది వ్యాపారులు అర్జీ పట్టుకుని వచ్చారు, అంతే. ఇచ్చినవాళ్ళకు అందులో తప్పు కనిపించలేదు. రేవు బాగుపడుతుంది, సుంకం వస్తుంది, పక్క రాజుల మీద కాస్త బలం పెరుగుతుంది.

తర్వాత వందేళ్ళు ఆ కోట అలా కూర్చునే ఉంది. సినిమాలో ఓడ నగరం మీద గంటల తరబడి కదలకుండా ఉంటుందే, అలా.

1740 మే 20న దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాల చేతిలో జంగ్‌లో చనిపోయాడు. ఇవాళ మామిడి కాయల లారీలు తిరిగే రోడ్డు అది. ఆ మౌత్‌తో ఆర్కాటు గద్దె కోసం పంచాయితీ మొదలైంది. 1749లో ఆంబూరు దగ్గర జంగ్‌లో నవాబు అన్వరుద్దీన్ చనిపోయాడు. దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబ్ ఫ్రెంచి వాళ్ళను పట్టుకున్నాడు, అన్వరుద్దీన్ కొడుకు ముహమ్మద్ అలీ ఇంగ్లీషు వాళ్ళను పట్టుకున్నాడు. ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరూ పరాయి తోపులను సొంత ఇంటి తగాదాకు కిరాయికి తెచ్చుకున్నారు. ముహమ్మద్ అలీ గెలిచాడు. గెలిచినవాడికి బిల్లు వచ్చింది.

ఆ బిల్లు కట్టడానికి కంపెనీ దగ్గర, కంపెనీ నౌకర్ల దగ్గరే కర్జ్ తీసుకున్నాడు. వడ్డీ కట్టడానికి మళ్ళీ కర్జ్. ఆ కర్జ్‌కు కిస్తీ కింద తాలూకాల వసూళ్ళు రాసిచ్చాడు. తిరుపతి కొండకు వచ్చే యాత్రికుల ఆదాయం కూడా ఆ లెక్కలోకే పోయింది. మద్రాసులో పాల్ బెన్‌ఫీల్డ్ లాంటి కంపెనీ నౌకర్లు ఆ వడ్డీలతో ఎంత బలిశారంటే, 1785లో లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ ఆర్కాటు నవాబు అప్పుల మీదే ఒక పెద్ద ప్రసంగం చేయాల్సి వచ్చింది. చివరికి 1801 జులై 31న అజీముద్దౌలా సంతకం చేసి ముల్క్ మొత్తం అప్పజెప్పాడు. నవాబు అన్న పేరు, ఆదాయంలో ఐదో వంతు ఆయనకు మిగిలాయి. చిత్తూరు పాలెగాళ్ళు ఎదురు తిరిగితే కొద్ది ఏళ్ళలోనే అణిచేశారు.

1639 నుంచి 1801. మొత్తం 162 ఏళ్ళ హమ్లా. సినిమాలో మూడు రోజులు.

తెర మీద 162 ఏళ్ళు చూపించమని నేను అడగడం లేదు. కానీ ఆ సినిమాలోనే ఒక చోట అసలు సంగతి తగులుతుంది. ఒక మఖ్లూఖ్ మనసులోకి తొంగి చూసిన అమెరికా ప్రెసిడెంటు, వీళ్ళు మిడతల దండు లాంటివాళ్ళు, ఒక గ్రహం మీద ఉన్నదంతా తినేసి ఇంకో గ్రహానికి పోతారు అని చెప్తాడు. అక్కడ నేను సర్దుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్తాడేమో, మన భూమి మీద కూడా ఇలాంటి దండు తిరిగిందని. చెప్పడు. బాంబు వేయమంటాడు.

ఈ కథకు పెద్దన్న హెచ్.జి. వెల్స్. ఆయన 1898లో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' పుస్తకం తెచ్చాడు. అంగారక గ్రహం నుంచి వచ్చినవాళ్ళు లండన్ చుట్టుపక్కల ఊళ్ళను తగలబెడతారు. వెల్స్ ఇంగ్లీషువాడు, హుకూమత్ ఉచ్ఛదశలో ఉన్నప్పటి ఇంగ్లీషువాడు. అయినా మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా ద్వీపం ఆదివాసులను యూరప్ వాళ్ళు ఎలా తుడిచిపెట్టారో గుర్తు చేస్తాడు. మీరు వాళ్ళకు చేసింది మీకు ఎవరైనా చేస్తే ఎలా ఉంటుంది అని సొంత జాతి ముందు అద్దం పెట్టాడు. ఆయన కథలో వచ్చినవాళ్ళను చంపేది తోపులు కాదు, భూమి మీద ఉండే రోగాల క్రిములు. ఏనుగుల ఫౌజ్‌ను చిన్న పక్షులు పడగొట్టిన అబాబీల్ కథ వింటూ పెరిగిన మన పిల్లలకు ఈ ముగింపు వెంటనే అర్థమవుతుంది. నిజమైన తారీఖ్‌లో మాత్రం క్రిములు వచ్చినవాళ్ళ పక్షాన ఉన్నాయి. అమెరికా ఖండంలో అసలు వాసులను కత్తుల కంటే ఎక్కువగా మశూచి చంపింది.

'ఇండిపెండెన్స్ డే' వెల్స్ క్రిమిని కంప్యూటర్ వైరస్‌గా మార్చుకుంది. ఆ మార్పు తెలివైనదే. కానీ అద్దాన్ని వదిలేసింది. వెల్స్ బలవంతుణ్ణి బలహీనుడి కుర్చీలో కూర్చోబెట్టి సిగ్గుపడమన్నాడు. ఎమెరిక్ బలవంతుణ్ణి అదే కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఇందులో ప్రెసిడెంటు పాత్ర గల్ఫ్ యుద్ధంలో విమానం నడిపిన పైలట్. ఈ వాక్యం సినిమా గర్వంగా చెప్పుకుంటుంది. సినిమా విడుదలకు ఐదేళ్ళ ముందు, 1991 జనవరిలో, బగ్దాద్ మీద రాత్రిపూట ఆస్మాన్ నుంచి నిప్పు కురిపించినవాళ్ళలో అలాంటి పైలట్లే ఉన్నారు. మళ్ళీ ఇదే సినిమాలో ఇరాక్ ఎడారిలో రకరకాల దేశాల పైలట్లు చేతులు ముడుచుకుని అమెరికా నుంచి ఖబర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. హాల్లో ఎంతమందికి ఇది గుచ్చుకుందో గానీ, కువైట్ నుంచి ఉద్యోగం పోగొట్టుకుని తిరిగొచ్చిన వాళ్ళున్న రాయలసీమ ఊళ్ళల్లో మాత్రం గుచ్చుకోవాల్సిన సీను అది.

ఇంకో కమ్జోరీ. అంత పెద్ద జంగ్‌లో సియాసత్ అస్సలు ఉండదు. నాయకుడు పోతే ఫౌజ్ ఏమవుతుంది, ఖబర్ ఎవరికి చెప్పాలి, ఎవరికి దాచాలి, ఈ టెన్షన్ ఒక్క నిమిషం కూడా కనబడదు. ఉపాధ్యక్షుడు, జనరల్స్ పోయారన్న కబురు అలా వచ్చి అలా పోతుంది. ఈ విషయంలో చిత్తూరు పక్కన జరిగిన సీను ముందు హాలీవుడ్ దిగదుడుపే. 1782 డిసెంబరు 7న నరసింగరాయనిపేట దగ్గర డేరాలో హైదర్ అలీ వీపు మీద రాచపుండుతో చనిపోయాడు. కంపెనీ ఫౌజ్‌తో జంగ్ నడుస్తోంది. కొడుకు టిపూ ఎక్కడో మలబారులో ఉన్నాడు. ఖబర్ పొక్కితే ఫౌజ్ చెల్లాచెదురవుతుంది. దీవాన్లు పూర్ణయ్య, కృష్ణారావు మయ్యత్‌ను సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టించి, ఖజానా తరలిస్తున్నట్టు పహరా పెట్టి కోలారుకు పంపేశారు. డేరా దగ్గర మాత్రం సాహెబ్ బతికే ఉన్నట్టు అన్నీ మామూలుగా నడిపించారు. జనవరి మొదట్లో టిపూ వచ్చేదాకా ఫౌజ్ నిలబడింది. ఇద్దరు బ్రాహ్మణ దీవాన్లు ఒక ముసల్మాన్ సుల్తాన్ మౌత్‌ను గుండెల్లో దాచుకుని సల్తనత్‌ను కాపాడిన కథ ఇది. దీన్ని ఎవరైనా డబ్బు పెట్టి తీస్తే నేను మొదటి టికెట్ కొనుక్కుంటాను.

ఇక రాకెట్ల సంగతి. సినిమాలో అమెరికా వాళ్ళు 1947లో కూలిపోయిన ఒక పరాయి ఓడను ఏరియా 51 అనే రహస్య స్థావరంలో దాచి, దాని మర్మం తెలుసుకోవడానికి దశాబ్దాలు తంటాలు పడుతుంటారు. (ఆ స్థావరం పేరు తీసేయమని అమెరికా రక్షణ శాఖ అడిగితే సినిమావాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో మిలిటరీ సాయం అందలేదు.) దుష్మన్ ఆయుధాన్ని విప్పి చూసి నేర్చుకోవడం సినిమాలో బలహీనుడు చేసే పని. నిజంగా ఆ పని చేసింది బలవంతుడు.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిపూల ఫౌజ్ కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టింది. తోపులు, రాకెట్లు కురుస్తుంటే బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోయాయి, ఆయన ఖైదీ అయ్యాడు. యూరప్ వాళ్ళకు రాకెట్ అంటే కాగితపు అట్ట గొట్టం, దీపావళి తారాజువ్వ. మైసూరు కారీగర్లు ఇనుప గొట్టం వాడారు. ఇనుము పగలకుండా ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది కాబట్టి అది చాలా దూరం పోయేది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన రాకెట్లు ఇంగ్లండుకు చేరాయి. వూల్విచ్ ఆయుధశాలలో విలియం కాంగ్రీవ్ వాటి వెనక పడి తన రాకెట్ తయారు చేశాడు. అవే రాకెట్లను 1807లో కోపెన్‌హేగన్ మీద వేశారు. 1814 సెప్టెంబరులో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద కూడా వేశారు. ఆ రాత్రి ఆ రాకెట్ల ఎర్రటి వెలుగు చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఒక నజమ్ రాశాడు. అదే ఇవాళ అమెరికా జాతీయ గీతం. ప్రతి జులై 4న, సినిమా వాళ్ళు గర్వపడే అదే రోజున, వాళ్ళు నిలబడి పాడే పాటలో ఎర్రగా మెరిసే ఆ రాకెట్ల ఖాందాన్ మైసూరుది.

అబ్దుల్ కలామ్ సాబ్ 1963లో ట్రైనింగ్ కోసం అమెరికా వెళ్ళినప్పుడు నాసా వాళ్ళ వాలప్స్ కేంద్రం గోడ మీద ఒక బొమ్మ చూశారు. జంగ్ మైదానం, ఎగిరే రాకెట్లు. రాకెట్లు వేస్తున్న సిపాయిలు నల్లవాళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే అది టిపూ ఫౌజ్. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. 1980 జులై 18న ఆయన ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉన్న ఎస్‌ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ ప్రయోగం నాటికి పొల్లిలూరు జంగ్ జరిగి 200 ఏళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలు తక్కువ.